గుండెకు దారి యిచ్చిన కాలు



మన యిండ్లలో ఎవరికైన గుండెకు శస్త్రచికిత్స జరిగినదని తెలిసినతోడనే బంధువులందఱును వచ్చి రోగి రొమ్మువంక చూచి కంట తడిపెట్టుదురు. ఎంత పొడవున కోసిరి, ఎముకను నిజముగా చీల్చిరా, ఇప్పుడు ఆయాసమున్నదా యని అడుగుదురు. కాలి సంగతి అడుగువారు కానరారు. బైపాస్ అని మనమందఱమును పిలుచు ఈ చికిత్సలో పెక్కుమందికి రొమ్ముతోపాటు కాలునుగూడ కోయుదురనియు, ఆ కాలినుండి తీసిన రక్తనాళమే గుండెకు క్రొత్త దారి యగుననియు ఎఱిగిన గృహిణులు తక్కువ. ఎఱుగకున్న నష్టమేమని యడుగుదురేమో. ఆసుపత్రినుండి యిల్లు చేరిన పిమ్మట రోగిని తఱుచుగా చీకాకుపెట్టునది ఈ కాలిగాయమే. ఆ దినములలో దానిని కనిపెట్టి చూడవలసినవారము మనమే. కనుక ఎఱుగకున్న నష్టము పెద్దది.

ఈ మాట మేము అనుభవముమీద చెప్పుచున్నాము. మా అత్తగారికి 62వ యేట మూడు దారులు వేసి బైపాస్ చేసిరి. ఆమెకు మధుమేహము పూర్వమునుండియు కలదు. తొమ్మిదవ నాడు ఇంటికి తీసికొనివచ్చితిమి. రొమ్ముగాయము చక్కగా ఆఱుచుండెను. ఆమె లేచి నాలుగడుగులు నడచుట చూచి గండము గడచినదని మ్రొక్కులు చెల్లించుకొంటిమి. తరువాత వారము దినములకు ఒకనాటి యుదయమున ఆమె విడిచిన చీరను తడుపబోయి, కుచ్చెళ్ల అంచున రూపాయి బిళ్లంత పచ్చని మరకను చూచితిమి. పసుపు మరక యనుకొంటిమి. అది పసుపే. పొరుగింటి పెద్దమ్మగారు చెప్పగా మా అత్తగారు ఎవరికిని చెప్పక నువ్వులనూనెలో పసుపు కలిపి నాలుగు దినములుగా గాయమునకు పూసికొనుచుండిరి. అయితే ఆ పసుపుతో మఱియొక తడి, ఒక దుర్వాసనయు కలసియుండెను. కాలు చూపుమని అడుగగా, “అబ్బాయి ఇంటిలో నుండగా కాలు చూపుట యేమమ్మా, అదే తగ్గిపోవును లే” అని చీర క్రిందికి లాగుకొనిరి. ఎట్టకేలకు చూచితిమి. మోకాటిక్రింద జేనెడు మేర ఎఱ్ఱబడి, రెండు కుట్లనడుమ విచ్చి, గాయము నీరూఱుచుండెను. ఆనాటినుండి మేము తెలిసికొన్న సంగతులను మన సోదరీమణులకు చెప్పుటకే ఈ వ్యాసము.

ముందుగా గుండెకు ఈ చికిత్స యేల యని చూతము. గుండె శరీరమంతటికిని రక్తమును పంపునదే యైనను, తన గదులలో నిండిన ఆ రక్తమునుండి తన కండరమునకు కావలసిన పోషణమును నేరుగా తీసికొనజాలదు. ఇంటిల్లిపాదికి వడ్డించు ఇల్లాలు తన విస్తరి వేఱుగా వేసికొనవలసినట్లే, గుండెయు తనపై అల్లుకొనియున్న సన్నని ధమనుల ద్వారముననే తన పాలు పుచ్చుకొనును. ఇవి బృహద్ధమని మొదటనే కుడి యెడమల బయలుదేఱును. ఎడమది కొంతదూరము పోయి రెండుగా చీలును. వీనిని కరోనరీ ధమనులందురు. వీని లోపలి గోడలో క్రొవ్వును, పిమ్మట సున్నమును చేరి దారి యిఱుకైనచో, నడచునపుడును మెట్లెక్కునపుడును రొమ్ము పట్టివేయును. పూర్తిగా మూసికొన్నచో ఆ దారిపై బ్రతుకు కండరము చచ్చును. దీనినే గుండెపోటని యనుచున్నాము.

పంటకాలువలో అడ్డుపడినచోట పూడిక తీసి వెడల్పు చేయుట యొక ఉపాయము. సన్నని గొట్టమును లోపలికి పంపి, బెలూనుతో వెడల్పు చేసి, స్టెంటు అను జాలిగొట్టమును నిలుపుట అట్టిది. అడ్డులు పెక్కుచోట్ల నున్నపుడో, ముఖ్యమైన మొదటి కాలువలోనే యున్నపుడో, వేఱొక ఉపాయము మేలు. అడ్డునకు ఎగువనుండి పిల్లకాలువ త్రవ్వి అడ్డు దాటిన పిమ్మట పాతకాలువలో కలుపుదుము గదా, బైపాస్ అట్టిది. అడ్డు ఉన్నచోటనే యుండును; నీరు మాత్రము చుట్టు తిరిగి పొలము చేరును.

ఆ పిల్లకాలువకు గొట్టము కావలెను. మూడు మిల్లీమీటర్ల లోపలి సన్నదనమున నేసిన కృత్రిమ గొట్టములలో రక్తము త్వరలో గడ్డకట్టి దారి మూసికొనును. కావున రోగి శరీరమునుండియే నాళమును తీయవలసివచ్చును. ఇందుకు మిక్కిలి అనువైనది కాలిలోని సఫినస్ అను పెద్ద సిర. ఇది లోపలి చీలమండకు ముందుప్రక్క బయలుదేఱి, కాలి లోపలిప్రక్కగా మోకాలు దాటి, తొడ లోపలిప్రక్కన ఎగబ్రాకి, గజ్జలో లోతుసిరతో కలియును. మన శరీరమున నింతకంటె పొడవైన సిర లేదు. చర్మమునకు దగ్గఱగా నుండుటచే తీయుట సులభము. కాలినుండి పైకి పోవు రక్తములో ఇంచుమించు పదింట తొమ్మిది వంతులు లోతుసిరలలోనే పోవును గాన, ఇది లేకున్నను కాలు నడచును. కొంతకాలము వాపు మాత్రము కనబడవచ్చును.

ఈ సిరలో నొక విశేషము కలదు. కాలిరక్తము క్రిందికి జారిపోకుండ దీనిలో నడుమనడుమ చిన్న కవాటములు పైకి మాత్రమే తెఱచుకొనునట్లు అమరియున్నవి. అందుచే గుండెకు కుట్టునపుడు సిరను తలక్రిందులు చేసి కుట్టుదురు. అట్లు చేయనిచో కవాటములే దారికి అడ్డుపడును.

కాలినరములు ఉబ్బి మెలికలు తిరిగియున్న స్త్రీలు మనలో పెక్కురు కలరు. పలుమార్లు గర్భము ధరించుటయు, గంటల తరబడి నిలిచి పనిచేయుటయు దీనికి తోడ్పడును. అట్టి సిర పిల్లకాలువకు పనికిరాకపోవచ్చును. కనుక చికిత్సకు ముందే కాలిని స్కానుచేసి, ఏ కాలిలో ఏ భాగము బాగున్నదో గుర్తు పెట్టుట మేలు. పూర్వము కాలికేదైన చికిత్స జరిగియున్నచో ఆ సంగతి దాచక చెప్పవలెను.

ఈ విద్య పుట్టి అఱువదేండ్లు మాత్రమే గడచినవి. 1964లో సోవియట్ దేశపు లెనిన్‌గ్రాడ్ నగరమున కొలెసోవ్ అను శస్త్రవైద్యుడు రొమ్ములోపలి ధమనిని గుండెధమనికి కలిపి కుట్టెను. కాలిసిరతో చేయు పద్ధతిని క్రమపఱచి లోకమునకు చాటినవాడు అర్జెంటీనా దేశస్థుడగు రెనే ఫవలోరో. ఆయన 1923లో లా ప్లాటా నగరమున జన్మించెను. తండ్రి వడ్రంగి, తల్లి బట్టలు కుట్టునామె. చదువు ముగిసినపిమ్మట పండ్రెండేండ్లు ఒక మాఱుమూల పల్లెలో వైద్యము చేసి, ఆ తరువాత అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో చేరి, 1967 మే నెలలో కాలిసిరతో ఈ చికిత్స నారంభించెను. కుట్టుపనితో సంసారము నడపిన తల్లి బిడ్డడు, తలవెండ్రుకవంటి దారముతో గుండెపై వేసిన కుట్లచేతనే కీర్తి గడించుట మనము తలచుకొని సంతోషింపదగిన సంగతి. మన దేశమున తొలి బైపాస్ చికిత్స 1975లో మద్రాసులోని పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టరు కె.యం. చెరియన్‌గారి చేతులమీదుగా జరిగినది. ఇప్పుడు మన జిల్లా పట్టణములలో గూడ ఇది జరుగుచున్నది.

అయితే కాలిసిర గుండెచెంత కలకాలము నిలుచునా? సిర మెల్లని ప్రవాహమునకు అలవాటుపడినది. ధమనిలోని ఒత్తిడి దానికి క్రొత్త. ఆ ఒత్తిడికి దాని గోడ మందమెక్కి, కొన్నియేండ్లకు లోపల మరల క్రొవ్వు చేరవచ్చును. పదేండ్లు గడచునప్పటికి ఇట్టి సిరలలో ఇంచుమించు సగము చెడుననియు, రొమ్ములోపలి ధమని యైనచో పదింట తొమ్మిది తెఱచియే యుండుననియు చాలకాలముగా కనుగొనుచున్నారు. అందువలన గుండె ముందుభాగమునకు పోవు ముఖ్యధమనికి రొమ్ములోపలి యెడమధమనినే కలుపుట పరిపాటియైనది. కొందఱికి ముంజేతి ధమనినిగూడ వాడుదురు. అయినను రెండు మూడు దారులు కావలసినపుడు కాలిసిర లేనిదే పని జరుగుట కష్టము.

ఇక ఆ సిరను తీయు పద్ధతులను చూతము. ఇవి ముఖ్యముగా మూడు.

మొదటిది పాతది. సిర పొడవునను చర్మమును కోసి, సిరను కన్నులార చూచుచు, దాని కొమ్మల నొక్కొక్కటిగా ముడివేసి, తీసి, చర్మమును కుట్టుదురు. ఎన్ని దారులు కావలయునో అంత పొడవు గాయము. కొందఱికి చీలమండనుండి తొడవఱకు. నడుమనడుమ చర్మమును విడిచి, జానకొకటి చొప్పున చిన్న కోతలు పెట్టి సిరను లాగువారును కలరు. ఈ పద్ధతిలో సిర కంటికి బాగుగా కనబడును గాని, గాయము పెద్దది.

రెండవది 1990 తరువాత వచ్చినది, ఎండోస్కోపు పద్ధతి. మోకాటి లోపలిప్రక్క రెండంగుళములకు మించని కోత పెట్టి, కొసను దీపమును కెమేరాయుగల గొట్టమును చర్మముక్రింద పంపుదురు. బొగ్గుపులుసు వాయువును నింపి చోటు చేసికొని, తెరమీద చూచుచు, సిర కొమ్మలను వేడిచే మాడ్చి తెంచి, సిరను ఆ చిన్న రంధ్రమునుండియే వెలికి తీయుదురు. గజ్జవద్ద మఱియొక చిన్న గాటుండును. నొప్పియు మచ్చయు తక్కువ, నడక త్వరగా వచ్చును. కాని పరికరములు వెల గలవి. తీయువారి చేయి ఆఱితేఱినదై యుండవలెను.

ఈ రెండింటిలో ఏది మేలని వైద్యలోకమున పెద్ద తర్కము జరిగినది. 2009లో అమెరికాలో వెలువడిన పరిశీలనయందు 3,000 మంది రోగులను చూడగా, ఎండోస్కోపుతో సిర తీసినవారిలో 100కి 46.7 మందికిని, కోసి తీసినవారిలో 38 మందికిని ఏడాది యేడాదిన్నరలోపల సిర యేదో యొకటి చెడినదని తేలెను. గొట్టముతో లాగునపుడు సిర లోపలి పొర నలిగినదేమో యని అందఱును జంకిరి. ఆ పిమ్మట చేయి తిరిగినవారిచేతనే సిర తీయించి, 16 ఆసుపత్రులలో 1,150 మందిని చీటీలు వేసినట్లు రెండు పాళ్లుగా పంచి చేసిన పరీక్షయొక్క ఫలితము 2019లో వెలువడినది. ఇంచుమించు మూడేండ్లు గమనింపగా మరణము, గుండెపోటు, మరల చికిత్స అనునవి రెండు పాళ్లలోను సమానముగానే యుండెను: కోసి తీసినవారిలో 100కి 15.5, ఎండోస్కోపువారిలో 13.9. కాలిగాయము చీముపట్టుట మాత్రము మొదటివారిలో 3.1, రెండవవారిలో 1.4. కావున చేయి తిరిగినవారు చేసినచో చిన్నకోత పద్ధతి గుండెకు కీడు చేయదు, కాలికి మేలు చేయును. ఇందు మనము గమనింపవలసిన దొకటి కలదు. ఆ పరీక్షలో పాల్గొన్నవారు మాజీ సైనికులు, దాదాపు అందఱును పురుషులు. కాలిగాయము చెడు భయము పురుషులకంటె స్త్రీలకే యెక్కువ యని పలు పరిశీలనలు చెప్పుచుండగా, ఇట్టి పరీక్షలలో స్త్రీలు తగినంతమంది లేకపోవుట కొఱతయే.

మూడవది స్వీడన్ దేశపు ఒరెబ్రో నగరమున సౌజా అను వైద్యుడు 1990 తరువాతి యేండ్లలో రూపొందించినది. సిరను చుట్టియున్న క్రొవ్వుతో సహా, చేతితో తాకక, నీటితో ఉబ్బింపక తీయుదురు. సిర లోపలి పొర మిక్కిలి సుకుమారమైనది. గట్టిగా ఉబ్బించినచో అది చిట్లును. చిట్లినచోట రక్తము గడ్డకట్టును. అక్కడివారు 16 ఏండ్ల పిమ్మట చూడగా ఇట్లు తీసిన సిరలలో 100కి 83, పాతపద్ధతి సిరలలో 64 తెఱచియుండెను. తరువాత వేఱుచోట్ల జరిగిన పరీక్షలలో కొన్ని ఇంతటి మేలును చూపలేదు. పైగా చుట్టుక్రొవ్వు తీయుటచే కాలిగాయపు బాధలు ఇందులో నెక్కువ. గుండెకు మేలు కోరిన కాలు ఓర్చుకొనవలెను, కాలికి మేలు కోరిన చేతిపని నమ్మకమైనదై యుండవలెను. ఏ పద్ధతి తగునో శస్త్రవైద్యులే నిర్ణయింతురు. అయినను “ఏ కాలినుండి తీయుదురు? ఏ పద్ధతి? తీయువారికి దానియందు అలవాటు కలదా?” అని ముందుగా అడుగుట మన హక్కు. అడిగినందుకు కోపపడు వైద్యులను మేము చూడలేదు.

గాయము మానుట యొక్క క్రమము నెఱిగినచో సగము భయము తీరును. కోసిన క్షణముననే రక్తము గడ్డకట్టి తాత్కాలికముగా మూతవేయును. పిమ్మట మూడు నాలుగు దినములు తెల్లకణములు వచ్చి చచ్చిన కణములను, క్రిములను ఊడ్చివేయును. ఆ దినములలో కొంచెము ఎఱుపు, వేడి, వాపు సహజము. తరువాత మూడవ వారమువఱకు క్రొత్త మాంసమును సన్నని రక్తనాళములును పుట్టి గాయమును పూడ్చును. అటుపిమ్మట నెలల తరబడి, ఏడాదివఱకును, లోపలి నారలు సర్దుకొని గట్టిపడుచుండును. మూడువారముల గాయమునకు తొలిచర్మపు బలములో అయిదవవంతు మాత్రమే వచ్చునట. ఎన్నాళ్లకైనను అయిదింట నాలుగు వంతులకు మించదట. పైన ఆఱినదిగదా యని పనిలో దుముకుట ఎంత ప్రమాదమో దీనినిబట్టి తెలియును.

రొమ్ముగాయముకంటె కాలిగాయమునకు చిక్కులెక్కువ. కాలు గుండెకు దూరము. నిలిచినను కూర్చున్నను నీరు క్రిందికే దిగును. వాపుచే కుట్లపై లాగుడు పడును. మధుమేహమున్నచో తెల్లకణముల పని మందగించును. పొగయు పొగాకును గాయమునకు అందవలసిన ప్రాణవాయువును తగ్గించును. విశాఖ, శ్రీకాకుళపు ప్రాంతములలో అడ్డపొగ త్రాగు పెద్దమ్మలు ఇంకను కలరు. వారికి ఈ మాట సమయము చూచి, నొప్పించక చెప్పవలెను.

ఇక ఇంట చేయవలసిన సేవ. గాయము ముట్టుటకు ముందు చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. వైద్యులు స్నానమునకు సెలవిచ్చినపిమ్మట సాధారణపు సబ్బును, గోరువెచ్చని నీటిని గాయముమీదుగా పాఱనిచ్చి, ఉతికిన మెత్తని గుడ్డతో అద్దవలెను, రుద్దరాదు. పసుపు, నూనె, కాఫీపొడి, వీబూది, ఆకుపసరు ఏదియు పూయరాదు. మన వంటింటి పసుపు ఎంత పవిత్రమైనదైనను క్రిములు లేనిది కాదు. నూనె గాయమును నానబెట్టి మెత్తబఱచును. తలంటి, నలుగు గాయము పూర్తిగా మానువఱకు వలదు.

కూర్చున్నపుడు కాలు వ్రేలాడనీయక, పీటమీద తలగడ వేసి ఎత్తుగా పెట్టవలెను. కాలుమీద కాలు వేసికొనరాదు. నేలమీద చాపపై కూర్చుండుట కొన్నివారములు మానవలెను. లేచునపుడు చేతులు ఊతగా ఆనింతుము గదా, తీగెలతో కట్టిన రొమ్ముఎముకపై ఆ బరువు పడును. ఆ యెముక అతుకుకొనుటకు రెండుమూడు నెలలు పట్టును. అంతవఱకు నిండుబిందె యెత్తుట, రుబ్బుట, పసిబిడ్డల నెత్తుకొనుట కూడదు. రోజునకు పలుమార్లు కొద్దికొద్దిగా నడచుట మాత్రము తప్పదు. నడకలో పిక్కకండరము రక్తమును పైకి నెట్టును. బిగుతు మేజోళ్లు వైద్యులు చెప్పినచో తొడుగవలెను. కాలిధమనులు చెడియున్నవారికి అవి హానిచేయును గాన మనంతట మనము కొని తొడుగరాదు.

సిరప్రక్కనే చర్మపు స్పర్శకు సంబంధించిన నరమొకటి మోకాటిక్రింద నడచును. సిర తీయునపుడు అది నలిగి కాలి లోపలిప్రక్కన తిమ్మిరియో మొద్దుదనమో కొన్ని నెలలుండుట కలదు. భయపడవలసిన పనిలేదు. అయితే ఆ భాగమునకు వేడి తెలియదు గాన వేడినీటి కాపడము పెట్టరాదు; బొబ్బలెక్కిన సంగతి రోగికే తెలియకపోవును.

ఇప్పుడు పథ్యపు సంగతి. ఇందు తప్పు మాదేయని ఒప్పుకొనుచున్నాము. పప్పు తిన్న చీము పట్టునని చిన్ననాటినుండి వినియున్నందున మా అత్తగారికి రెండు వారములు చారును మెత్తని అన్నమును మాత్రమే పెట్టితిమి. గాయము విచ్చిననాడు వైద్యుడు “ఏమి తినుచున్నారు?” అని అడుగగా, పథ్యము చక్కగా నడపుచున్నామని కొంత గర్వముతోనే చెప్పితిమి. ఆయన మమ్ము నొకమాఱు చూచి, “ఇటుకలు అందీయక గోడ లేవలేదని తాపీవానిని తిట్టుదురా అమ్మా?” అనిరి. క్రొత్త మాంసము పుట్టుటకు మాంసకృత్తులు కావలెను. అవి పప్పులో, పాలలో, పెరుగులో, గ్రుడ్డులో, చేపలో కలవు. ఆ మాంసమును పెనవేయు నారలు పుట్టుటకు సి విటమిను కావలెను. అది ఉసిరికలో, జామలో, నిమ్మలో కలదు. మూత్రపిండములు చెడియున్నవారు మాత్రము పప్పు, మాంసముల కొలత వైద్యుని అడిగి తెలిసికొనవలెను. ఊరగాయ, అప్పడముల యుప్పు నీటిని నిలిపి కాలివాపును పెంచును, అవి తగ్గింపవలెను. చక్కెర వైద్యులు చెప్పిన హద్దులో నుండవలెను.

పెద్దలు చెప్పిన పథ్యమును కాదందుమా యని మేము సంశయపడి సుశ్రుతసంహితను తీసి చూచితిమి. సూత్రస్థానములోని పందొమ్మిదవ యధ్యాయము వ్రణము కలవానిని కాపాడు విధమును చెప్పుటకే యేర్పడినది. క్రొత్తధాన్యము, మినుములు, నువ్వులు మొదలగునవి వలదని అందు కలదు, నిజమే. కాని పెసల రసమును, చిఱ్ఱికూరను, పొట్లను, కాకరను, దానిమ్మను, ఉసిరికను పెట్టుమని ఆ యధ్యాయమే చెప్పుచున్నది. మనము గాయమన్నతోడనే దూరముగా నుంచు వంకాయయు ఆ పట్టికలో కలదు! మాంసరసమును గూడ ఆ ముని విధించెను. శుభ్రమైన యింట, మంచి పడకపై, ఆప్తులనడుమ ఉంచుమనెను. చారన్నముతో పస్తుపెట్టుమని ఆయన ఎక్కడను చెప్పలేదు. శాస్త్రము చెప్పినది కొంత, మనము చేర్చినది కొంత; రెండవదానికి మొదటిదాని గౌరవము నిచ్చితిమి.

కాలిని దినమున కొకమాఱు పగటివెలుతురున చూడవలెను. ఎఱుపు తగ్గక దినదినము ప్రాకుట, ముట్టిన వేడిగా నుండుట, చీము, దుర్వాసన, కుట్లు విచ్చుట, 100.4 డిగ్రీలు దాటిన జ్వరము, తగ్గిన నొప్పి మరల హెచ్చుట కనబడినచో ఆనాడే ఆసుపత్రికి పోవలెను. పిక్క ఒక్కసారిగా వాచి గట్టిపడి నొప్పిపెట్టినచో లోతుసిరలో గడ్డకట్టినదేమో చూపవలెను. ఆయాసము, రొమ్మునొప్పి వచ్చినను, రొమ్ముఎముక కదలి చప్పుడైనను క్షణము జాగుచేయరాదు. గుండెకు ఇచ్చిన మాత్రలను, ముఖ్యముగా ఆస్పిరిన్‌ను, గాయమునకు వేడిచేయునని తలచి మానుపరాదు. క్రొత్తదారి మూసికొనకుండ కాచునది అదియే.

పై సంగతులన్నిటికంటె ముఖ్యమైనది మఱియొకటి కలదు. పురుషునికి కాలు నొచ్చినచో ఇల్లంతయు లేచి కూర్చుండును. స్త్రీ కాలు చీరక్రింద నుండును. కొడుకు చూచునని సిగ్గు, కోడలికి పని పెట్టుదునని మొగమాటము, మరల ఆసుపత్రియన్న ఖర్చని భయము. ఈ మూడింటిచేతను ఆమె నోరు విప్పదు. మా అత్తగారు నాలుగు దినములు దాచిన గాయమునకు ఆఱు వారములు ప్రతిదినము కట్టు కట్టవలసివచ్చెను. కొన్ని కుట్లు విప్పి, శుభ్రపఱచి, అడుగునుండి మాంసము పూడుకొని వచ్చువఱకు కాచితిమి. మొదటి నాలుగు దినములు మేము కట్టితిమి. అయిదవనాడు మేము వంటలో నుండగా మావారు బడినుండి వచ్చి, చేతులు కడుగుకొని, తల్లి కాలు తమ యొడిలో పెట్టుకొని తామే కట్టు మార్చిరి. ఆమె మొదట మొగము త్రిప్పుకొనిరి. తరువాత, “చిన్నప్పుడు నీకు మోకాలు చెక్కుకొనిపోయినపుడు నేను కట్టలేదుట్రా” అని నవ్విరి. ఆ దినము మొదలు ఆమె తన గాయమును దాచలేదు.

ఇప్పుడామె కాలిపై చీలమండనుండి మోకాటివఱకు సన్నని తెల్లని గీత కలదు. నడుమ ఒకచోట జేనెడు మేర వెడల్పైనది. సాయంకాలమున గుడివఱకు నడచి వచ్చుచున్నారు. కనుక సోదరీమణులారా, మీ యింట ఎవరికైన ఈ చికిత్స జరిగినచో రొమ్మువంక చూచి కుశలమడిగిన పిమ్మట, చీర అంచును మెల్లగా తొలగించి కాలినిగూడ చూడుడు. సిగ్గుపడినను చూడుడు. గుండెకు తన సొత్తిచ్చిన ఆ కాలికి మనము చేయవలసిన మొదటి సేవ అదియే.